పదకొండు పాళ్ళ బండి

తలుపు లాగగానే లోపలి నుంచి తన్నుకొచ్చిన కంపుకు కామమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. ముప్పయ్యేళ్ళుగా చేపల గంప నెత్తిన మోసిన మనిషి ఆమె. కుళ్ళిన రొయ్య తలకాయల నీళ్ళు మెడ మీదుగా వీపులోకి కారినా మొహం చిట్లించదు. అలాంటి మనిషిని కూడా ఆ బండి క్యాబిన్ వాసన వెనక్కి నెట్టింది. సీటు పొట్ట చీల్చుకుని ఎలుకలు కాపురం పెట్టాయి. కింద బ్రాందీ సీసాలు, నానిపోయిన పేక ముక్కలు, ఎప్పటివో కోడి ఎముకలు. మగవాళ్ళు రోజూ వచ్చి ఉచ్చ పోసే పక్కన చక్రం రిమ్ము పొరలు పొరలుగా రాలిపోతోంది.

"దీన్నా అక్కా మనం బాగుచేసుకునేది?" అంది రోజా, ముక్కుకు పైట అడ్డం పెట్టుకుని.

"ముందు ఆ పైట తియ్. పొద్దన ఆ కండక్టరు గుడ్డ అడ్డం పెట్టుకున్నాడే, అచ్చం వాడి మాదిరే ఉండావు."

రోజా పైట తీసేసింది. ఆమె పాళెం కోడళ్ళలో చిన్నది. పెళ్ళికి ముందు కావలిలో తండ్రి ఆటో తోలింది, లైసెన్సు కూడా ఉంది. ఆ సంగతి తెలిసే కామమ్మ ఆమెను వెంటబెట్టుకుని వచ్చింది.

పొద్దున జరిగింది తలుచుకుంటే కామమ్మకు ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. చవుకుపాళెం నుంచి బిట్రగుంట స్టేషనుకు పోయే ప్రైవేటు బస్సులో పదకొండు మంది ఆడవాళ్ళు గంపలతో ఎక్కారు. గంపకు వేరే టిక్కెట్టు కూడా కొట్టించుకున్నారు. రెండు స్టాపులు పోయాక ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఒకాయన "వీళ్ళని ఎక్కించుకుంటే మేమంతా యాడ కూర్చోవాలయ్యా?" అన్నాడు. అంతే. కండక్టరు బస్సు ఆపించి గంపలు కిందికి నెట్టాడు. చేత్తో కూడా కాదు, కాలితో. గంపల్లోని కానాగంత చేపలు రోడ్డు దుమ్ములో దొర్లాయి. ఆ పెద్దమనిషి మార్కెట్లో కామమ్మ దగ్గరే కొంటాడు. ఆదివారం వంజరం ముక్క లేనిదే ముద్ద ఎత్తడు. వాడికి చేప కావాలి. చేప మోసిన మనిషి మాత్రం పక్కన కూర్చోకూడదు. దుమ్ములో చేపలు ఏరుకుంటూ కామమ్మ ఏడవలేదు. ఆమెకు అసహ్యం వేసింది. బస్సు మీద, బస్సులో నోరు మూసుకుని కూర్చున్న నలభై మంది మీద, ఇన్నేళ్ళు అదే బస్సు ఎక్కిన తన మీద కూడా.

ఆ కోపంలోనే ఆమెకు ఈ చచ్చిన బండి గుర్తొచ్చింది.

ఈ బండి కథ చెప్పుకోవడానికే సిగ్గు. ఎనిమిదేళ్ళ కింద ఒక రొయ్యల చెరువుల కంపెనీ తన మురికినీళ్ళు ఊరి ఏట్లోకి వదిలింది. ఊరి నోరు మూయించడానికి చవుకుపాళెం మత్స్యకారుల సంఘానికి ఒక పికప్ బండి దానం చేసింది. కొత్తదేం కాదు, వాళ్ళు నాలుగేళ్ళు తోలి పిప్పి చేసిందే. రంగు కొట్టించి, దండ వేసి, ఫోటోలు దిగి పోయారు. "మత్స్యకార మహిళల ఉపాధి కోసం" అని పక్కన రాయించారు కూడా. ఆ రాత మీదే మగవాళ్ళు తర్వాత ఎలక్షన్ల పోస్టర్లు అంటించారు. మూడేళ్ళు తిరిగిందది. మందు పెట్టెలు మోసింది, మీటింగులకు జనాన్ని మోసింది, ఊరిపెద్ద చుట్టాల పెళ్ళి సామాను మోసింది. ఒక్క చేపల గంప మోయలేదు. "చేపలు వేస్తే బండి కంపు కొడతాది" అనేవాడు దాన్ని తోలిన వినోద్. చేపలు పట్టి బతికే ఊళ్ళో పుట్టి, చేపలు తిని పెరిగినవాడు.

ఆ సాయంత్రమే కామమ్మ పదిమందినీ వెంటబెట్టుకుని కాపుల దగ్గరికి పోయింది. ఆ పాళెంలో కాపు అంటే కులం పేరు కాదు. తగువులు తీర్చే పెద్దలను అలా అంటారు. నలుగురు ఉన్నారు. వాళ్ళకు పెద్దకాపు చిన్నపోలయ్య. సంఘానికి ప్రెసిడెంటు కూడా ఆయనే. రెండు కుర్చీలూ ఒకే పిర్ర కింద. నలుగురిలో ఆఖరివాడు చిన్నబాబు, కామమ్మ మొగుడు.

"మామా, వల షెడ్డు కాడ చచ్చిపడుండే బండి మాకియ్యండి. మేం బాగుచేసుకుంటాం" అంది కామమ్మ.

చిన్నపోలయ్య నోట్లో కిళ్ళీ పక్కకు తోసుకున్నాడు. "ఏం జేస్తారే దాన్ని? కోళ్ళగూడు పెడతారా?"

"కోళ్ళగూడో, గుడ్లగూడో. ఇస్తారా, లేదా?"

"తీసకపోండి తల్లా, తీసకపోండి! ఆ పీడ పోతే వలలు ఆరేసుకోను చోటన్నా దొరుకుద్ది."

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా చిన్నబాబు నవ్వాడు. కామమ్మ ఆ నవ్వును పట్టించుకోలేదు. కాపులు నలుగురు కూర్చుని అన్న మాటకు చవుకుపాళెంలో కాగితం అక్కర్లేదు. వాళ్ళ తాతల నాటి నుంచీ అంతే. అదే ఆమె నమ్మకం, అదే ఆమె చేసిన తప్పు.

బండిని ట్రాక్టరుకు కట్టి బిట్రగుంటకు లాక్కుపోయారు. అక్కడ రైల్వే క్వార్టర్ల వెనక హనీఫా షెడ్డు ఉంది. తండ్రి లోకోషెడ్డులో ఫిట్టరు. కొడుకు లారీలు, ట్రాక్టర్లు బాగుచేస్తాడు. అబద్ధం ఆడడు, అందుకే షెడ్డు ఇంకా రేకులదే. హనీఫా టార్చి పట్టుకుని బండి కిందికి దూరాడు. చాలాసేపటికి బయటికి వచ్చి, వేలికి అంటిన నల్లటి జిగురు వాసన చూశాడు.

"ఇదేం వాసన అక్కా?"

"సొరచేప నూనె" అంది కామమ్మ. "నావలకి పూస్తాం గదా, చెక్క పుచ్చిపోకుండా. మావోళ్ళు ఆయుధపూజకి దీనికి గూడా పూసేవోళ్ళు."

"కడిగేది యాడ?"

"సముద్రంలో. ఆదివారం ఆదివారం అలల్లోకి తోలి కడిగేవోళ్ళు, నావ మాదిరి."

హనీఫా నెత్తి మీద చేతులు పెట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. "యా అల్లా! అక్కా, అది నావ కాదు. చెక్కకి ఉప్పునీళ్ళు పడతాయి, ఇనుముకి అది యాసిడ్డు. ఆ ఉప్పు కడక్కుండా పైన నూనె పూసి, దాన్ని లోపలే పెట్టి మూత వేసినారు. ఆ నూనె కారి బ్రేకు డ్రమ్ముల్లోకి పొయింది. లైనర్లు నాని పకోడీల మాదిరి అయినాయి. తొక్కితే ఆగకుండా జారిపోయుంటాదే! ఎవురన్నా పోయినారా?"

"ఒక బర్రె పొయింది."

"బర్రెతో పొయింది మీ అదృష్టం. మిమ్మల్ని జూసి ఏడవాలో నవ్వాలో తెలీడంలా నాకు."

"మమ్మల్ని గాదు భాయ్. పూసింది మగోళ్ళు" అని కసిరింది వెంకటశేషమ్మ. ఆమెకు డెబ్భై దాటాయి. పళ్ళు లేవు, మాటకు మాత్రం పదునుంది.

హనీఫా సుత్తి తీసుకుని అడుగు చట్రం, చాసీ, పొడుగునా కొట్టుకుంటూ పోయాడు. కొన్నిచోట్ల ఖంగుమంది, కొన్నిచోట్ల తడిసిన అట్టలా లోపలికి దిగింది. చివరికి తేల్చాడు. చాసీకి మూడుచోట్ల అతుకులు వేస్తే నిలుస్తుంది. క్యాబిన్ రేకులు, స్టీరింగు పనికొస్తాయి. ఇంజను, గేర్‌బాక్సు, కింద బరువు మోసే కమాన్లు, బ్రేకులు, చక్రాలు, రేడియేటరు, వెనక తొట్టి, అంతా తుక్కు. అన్నీ వేరే బండ్ల నుంచి వెతికి తెచ్చుకోవాలి.

కామమ్మ షెడ్డు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పదిమందీ చుట్టూ చేరారు.

"నావకి ఎట్టనో దీనికీ అట్టనే. వల తెచ్చినోడికి వల పాలు, ఇంజను తెచ్చినోడికి ఇంజను పాలు. మనం పదకొండు మందిమి. తలా ఒక సామాను తేవాల. ఎవురి సామాను వాళ్ళ పాలు. బండి తిరిగినన్నాళ్ళూ ఆ పాలు ఆమెదే. ఒప్పుకుంటారా?"

"నేను కమాన్లు తెస్తా" అంది వెంకటశేషమ్మ వెంటనే. కమాను అంటే ఏమిటో ఆమెకు అప్పటికి తెలియదు.

ఏప్రిల్ నడిమిలో వేట నిషేధం వచ్చింది. గుడ్లు పెట్టే కాలమని అరవయ్యొక్క రోజులు సముద్రంలోకి బోట్లు పోకూడదు. మగవాళ్ళు వలలు అల్లుకుంటూ, పేకాడుకుంటూ కూర్చున్నారు. ఆడవాళ్ళు తుక్కు కొట్ల మీద పడ్డారు. జూన్ నడిమిలో సముద్రం తెరుచుకుంటుంది. ఆ రోజుకు బండి తిరగాలి. లేకపోతే మళ్ళీ అదే బస్సు, అదే కాలు.

రోజాకు గేర్‌బాక్సు గూడూరులో దొరికింది. నిమ్మకాయల మండీ వెనక, కుళ్ళిన కాయల కుప్ప కింద. పురుగులు పాకుతున్న ఆ గుజ్జును చేతులతో తోడి బయటికి లాగింది. వారం రోజులు ఆమె చేతుల నుంచి ఆ పులిసిన వాసన పోలేదు. వెంకటశేషమ్మ ఒక మినీ లారీ కమాను పట్టీల మీద ఎక్కి కూర్చుంది. కొట్టువాడు దారికి వచ్చేదాకా, నాలుగు గంటలు, లేవలేదు. "నేను లేస్తే నువ్వు మళ్ళీ మాట మారుస్తావు నాయనా. నాకేం పనుంది, కూర్చుంటా. కాసిని మజ్జిగ ఉంటే ఇయ్" అందట. ఇంకొకామె ఐస్‌క్రీం బండి పెట్టె తెచ్చింది. లోపల రేకు, నడుమ థర్మకోలు. ఐసు పెడితే సాయంత్రం దాకా కరగదు.

ఇంజను కామమ్మ పాలు. దానికోసం నెల్లూరులో లాజరస్ తుక్కు యార్డుకు హనీఫాతో పోయింది. హైవే మీద బోల్తా పడిన పికప్ ఒకటి అక్కడ ఉంది, అదే రకం, ఇంకా కొత్తది. పుచ్చకాయల లోడుతో పోతూ పడిందట. ముందు భాగం నలిగిపోయింది గానీ ఇంజను చెక్కుచెదరలేదు. బ్రేకులు కూడా పాతవాటికంటే పెద్దవి, మంచివి. హనీఫా సంబరంగా తడిమి చూస్తున్నాడు. కామమ్మ క్యాబిన్లోకి తొంగి చూసింది. సీటు మీద ఎండిన నెత్తురు, దానికి అతుక్కుని పుచ్చ గింజలు, పైన ఈగలు.

"తోలినోడు బతికినాడా?" అని అడిగింది.

"ఏమోమ్మా" అన్నాడు లాజరస్, ఫోన్ చూసుకుంటూ. "మాకు బండి వచ్చింది. మనిషి సంగతి మాకెవురు చెప్తారు? ఇంజను తీసుకుంటే సీటు ఫ్రీగా తీసకపో."

ఫ్రీ అట! కామమ్మకు వాడి మొహం చూడబుద్ధి కాలేదు. కానీ సీటు తీసుకుంది. అక్కడ వదిలేస్తే ఆ ఈగలకే వదిలినట్టు. షెడ్డు దగ్గర బోరు కింద పెట్టి, కుంకుడు రసంతో రుద్ది రుద్ది కడిగింది. ఆ పూట అన్నం తినలేకపోయింది. ఎవరి కొడుకో తెలియదు. ఎవరూ కనుక్కోలేదు. వాడి బండిలో పనికొచ్చేది ఏమిటో మాత్రం లెక్క కట్టి అమ్ముకున్నారు. తను కూడా కొనుక్కుంది.

రెండు నెలలు ఆడవాళ్ళు షెడ్డులో గీకారు. ఇనప బ్రష్షులతో, కొబ్బరి పీచుతో, గోళ్ళతో. తుప్పు కళ్ళల్లో పడింది, ముక్కుల్లో దూరింది. దగ్గితే గోధుమరంగు తెమడ. ఊళ్ళోకి పోతే మగవాళ్ళు "మెకానిక్కులు వచ్చినారహో" అని ఈలలు వేసేవాళ్ళు. హనీఫా చాసీకి అతుకులు వేశాడు. కమాన్లకు రెండు పట్టీలు ఎక్కువ వేసి బలం పెంచాడు. పెద్ద బ్రేకులు బిగించాడు. అన్నిటికంటే ఐసు పెట్టెకు వేసిన గొట్టం చూసి కామమ్మ ముచ్చటపడింది. ఐసు కరిగి కారే చేపల నీళ్ళు పెట్టె అడుగున ఒక మూలకు చేరి, గొట్టంలో పడి, బండి వెనక దూరంగా పోతాయి. "ఒక్క చుక్క ఉప్పునీరు ఇనుము మీద పడగూడదు. పడిందా, నేను మీ ఊరికొచ్చి కొడతా" అన్నాడు హనీఫా.

జూన్ మొదటి వారంలో ఇంజను పలికింది. మొదట నల్లపొగ, తర్వాత ఒక దగ్గు, తర్వాత ఆగకుండా చప్పుడు. వెంకటశేషమ్మ బానెట్ మీద చెయ్యి పెట్టి, వణుకుతున్న రేకును అలాగే పట్టుకుని నిలబడింది. రోజా షెడ్డు చుట్టూ రెండు రౌండ్లు కొట్టి, బ్రేకు తొక్కి, గోడకు మూరెడు దూరంలో ఆపింది.

"ఇంకొకటుంది అక్కా" అన్నాడు హనీఫా. "ఫిట్‌నెస్ చేయించాల. ఆర్సీ సంఘం పేరు మీద ఉండాది. ప్రెసిడెంటు సంతకం లేందే కాదు."

"మాకిచ్చేసినామన్నాడు గదా నలుగురిలో. పెట్టకేం జేస్తాడు?"

హనీఫా ఫారం తీసి ఆమె చేతిలో పెట్టాడు. కాగితాలతో పని ఉన్నవాడు కాబట్టి కాగితాల సంగతి అతనికి తెలుసు.

బండిని సంతకం కోసం పాళెంలోకి తోలుకుపోయారు. రోజా స్టీరింగు దగ్గర, పక్కన కామమ్మ, తొట్టిలో తొమ్మిది మంది. పేకముక్కలు కిందపడేసి మగవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఈలలు లేవు. వినోద్ టైర్లు తన్ని చూశాడు. చిన్నపోలయ్య కిళ్ళీ ఊసి, బండి చుట్టూ తిరిగి, బానెట్ మీద గుర్రాన్ని తట్టినట్టు తట్టాడు.

"బాగా జేసినారే! మన బండి ఇంత బాగుంటదని అనుకోలా."

"మన" అన్న మాట వినగానే కామమ్మకు అర్థమైంది. అయినా కాగితం చాచింది. "సంతకం పెట్టు మామా."

"రేపు. కాపులు కూర్చోవాల గదా. ఊరి సంగతి."

ఆ సాయంత్రం ఇంట్లో చిన్నబాబు అన్నం తింటూ తల ఎత్తలేదు. కామమ్మ ఎదురుగా కూర్చుంది.

"ఏం జేయబోతా ఉండారు రేపు?"

"నాకేం తెలుసు? పెద్దకాపు ఏమంటే అది."

"నువ్వూ కాపువే గదా."

"నేను చివరోడిని."

"నవ్వేటప్పుడు ముందర ఉంటివే."

అతను చారు జుర్రుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆ చప్పుడు ఆమెకు ఎప్పుడూ అంత రోతగా వినిపించలేదు. కంచం తీయకుండానే లేచి బయటికి పోయింది.

మర్నాడు పొద్దున ఊరంతా చేరింది. చిన్నపోలయ్య కర్ర నేలకు తాటించి చెప్పాడు. బండి ఊరిది. కంపెనీ సంఘానికి ఇచ్చింది. ఊరి బండిని ఊరి మగవాడు తోలాలి కాబట్టి వినోద్ తోలతాడు. ఆడవాళ్ళకు చేపలు వేసుకోవడానికి వారానికి రెండు రోజులు చోటు ఇస్తారు. మిగతా రోజులు ఊరి పనులకు.

"ఊరి పనులంటే?" అంది రోజా. "మందు పెట్టెలా?"

"చిన్నదానివి, నోరు మూసుకో" అన్నాడు వినోద్. "ఆటో తోలినంత మాత్రాన డ్రైవరువి అయిపోతావా?"

"బర్రెను గుద్దినంత మాత్రాన నువ్వు అయితివి గదరా."

నవ్వులు రేగాయి. చిన్నపోలయ్య కర్ర మళ్ళీ తాటించాడు. "నవ్వులాట గాదు. దురాయి వేస్తా ఉండాను. రేపు సాయంత్రం లోపల బండి తెచ్చి ఈడ పెట్టాల. పెట్టని ఆడదానికి ఈ పాళెంలో ఏ బోటోడూ చేప వేయగూడదు. వేసినోడు ఊరికి వెలి."

దురాయి అంటే ఊరంతా కట్టుబడాల్సిన మాట. దాటినవాడికి నీళ్ళు లేవు, నిప్పు లేదు, పలకరింపు లేదు. చేప వేయకపోతే పదకొండు ఇళ్ళలో పొయ్యి వెలగదు. కామమ్మ మొగుడి వైపు చూసింది. చిన్నబాబు ఇసకలో కాలి బొటనవేలితో గీతలు గీస్తున్నాడు. నలభై ఏళ్ళు సముద్రంతో కొట్లాడినవాడు. తుపానులో తెరచాప వదలనివాడు. ఒక్క ముసలివాడి కర్రకు నోరు పడిపోయింది. ఇంతకంటే రోత ఏముంటుంది?

"మామా" అంది కామమ్మ. గొంతు మామూలుగానే ఉంది. "ఊరిది ఏ బండి?"

"కంపెనీ ఇచ్చిన బండి."

"కంపెనీ ఇచ్చిందంతా తెచ్చి ఈడ పెడితే దురాయి తీరినట్టేనా? మాకు చేప వేస్తారా?"

"ఎందుకు వెయ్యరు? తీరినట్టే."

"ఇంకోసారి చెప్పు. అందురూ వింటా ఉండారు."

"కంపెనీ ఇచ్చింది తెచ్చి పెడితే దురాయి తీరినట్టే!" అని కర్ర కొట్టాడు చిన్నపోలయ్య. ఆడది లొంగిందని అతని మొహం విప్పారింది. మీసం కింద కిళ్ళీ ఎరుపు కనిపించింది.

కామమ్మ ఆ రోజే బిట్రగుంట పోయి హనీఫాకు చెప్పింది. హనీఫా చేతిలోని పానా కిందపడేశాడు. "అక్కా, రెండు నెలల పని! చూస్తా చూస్తా నా చేతుల్తో నేనే విప్పేదా?"

"నువ్వు రాకపోతే మేం విప్పుతాం. మాకు రాదు, పాడుచేస్తాం. నువ్వొస్తే పాడుగాకుండా వస్తాయి."

మర్నాడు తెల్లవారేసరికి బండి కాపులు కూర్చునే చోట ఉంది. చిన్నపోలయ్య కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. వినోద్ తాళంచెవి కోసం చెయ్యి చాచాడు. అప్పటికే చవుకు వాసాలు మూడు నిలబెట్టి, పైన గొలుసు కప్పీ కట్టి ఉంది. హనీఫా బానెట్ కింద తలదూర్చి ఉన్నాడు.

"ఏందిది? ఏం జేస్తా ఉండారు?"

"దురాయి తీరుస్తా ఉండాం" అంది కామమ్మ. "ఇంజను కంపెనీ ఇచ్చింది గాదు మామా. నాది. నా పాలు నేను తీసుకుంటా ఉండాను."

"గేర్‌బాక్సు నాది" అంది రోజా బండి కింద నుంచి.

"కమాన్లు నావి. వాటి మీద నాలుగ్గంటలు కూర్చున్నా" అంది వెంకటశేషమ్మ.

చిన్నపోలయ్య మొహం నల్లబడింది. "బండికి బిగించినాక అది బండిదే! ఏ ఊళ్ళో ఉంది ఈ న్యాయం?"

"ఈ ఊళ్ళోనే. పోయినేడు అన్నదమ్ములు ఇద్దరు బోటు కాడ తగువు పడితే నువ్వేగదా తీర్పు చెప్పింది? చెక్క పెద్దోడిది, ఇంజను చిన్నోడిది, ఎవురి పాలు వాళ్ళు ఊడదీసుకోండి అంటివి. పెద్దోడు అడిగినాడు, నా చెక్కకి బిగించినాక నాదే గదా అని. తప్పుకోరా అని కర్రతో పొడిస్తివి. అప్పుడు సముద్రం న్యాయం. ఇప్పుడు ఆడోళ్ళని మారిపోయిందా?"

ఆ అన్నదమ్ములు ఇద్దరూ గుంపులోనే ఉన్నారు. చిన్నోడు దగ్గి, పక్కకు చూశాడు. పెద్దోడు మాత్రం "చెప్పినావు పెద్దకాపా. నా చెక్కకుండే ఇంజను అట్టే పొయింది" అన్నాడు. సముద్రం మీద బతికేవాళ్ళకు పాలు అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అది తప్పిందంటే రేపటి నుంచి ఏ బోటులో ఎవరి వలకూ దిక్కుండదు. చిన్నపోలయ్యకూ ఆ సంగతి తెలుసు. అతనికీ రెండు బోట్లలో పాళ్ళున్నాయి.

"అయితే ఊరికి ఏం మిగులుద్ది?" అని గొణిగాడు.

"కంపెనీ ఇచ్చింది. ఒక్క మేకు గూడా ఉంచుకోం."

సాయంత్రం దాకా విప్పారు. ఇంజను గొలుసుకు వేలాడుతూ పైకి లేచినప్పుడు కామమ్మ పని ఆపి చూసింది. దాని చప్పుడు మళ్ళీ ఎప్పుడు వింటుందో. చక్రాలు తీశారు. చాసీ ఇటుకల మీద కూర్చుంది. బ్రేకులు, రేడియేటరు, ఐసు పెట్టె, గొట్టం, కడిగిన ఆ సీటు. ఎవరిది వాళ్ళు ఇసకలో తమ ముందు పెట్టుకున్నారు. తర్వాత ట్రాక్టరు ట్రక్కులో నుంచి గోనెసంచులు దించి, హనీఫా షెడ్డు మూలన పడి ఉన్న పాత సామాను చాసీ పక్కనే పోశారు. తుప్పు పట్టిన రిమ్ములు, పకోడీ లైనర్లు, పగిలిన పాత ఇంజను. కుప్పలో నుంచి సొర నూనె కంపు లేచింది. జనం ముక్కులు మూసుకున్నారు.

"చూసుకో మామా, అంతా ఉందా? తీరిందా దురాయి?"

చిన్నపోలయ్య కుప్పను చూశాడు, జనాన్ని చూశాడు. నలుగురిలో తన నోటితో రెండుసార్లు అన్న మాట.

"తీరింది పో" అని ఉమ్మేసి, పంచె ఎగగట్టుకుని పోయాడు. వినోద్ కాసేపు నిలబడ్డాడు. తోలడానికి ఏమీ లేదు. అతనూ పోయాడు.

గెలిచామని ఎవరూ కేకలు వేయలేదు. ఏం గెలిచారు? అయిదు రోజుల్లో సముద్రం తెరుచుకుంటుంది. బండి లేదు. చేప దొరుకుతుంది, గంప మాత్రం నెత్తి మీదే. రోజా గ్రీజు చేతులతోనే మొహం తుడుచుకుంది. మొహమంతా నల్లగా అయింది. "ఇంకో చాసీ యాడ దొరుకుద్ది అక్కా?"

"వెతుకుదాం" అంది కామమ్మ. "ఈసారి దొరికితే ముందు కాగితం. పదకొండు పేర్లు. ఆ తర్వాతే పానా పట్టేది. నవ్వుకుంటా ఇచ్చినోడి మాట నమ్మింది నేనే. ఆ బుద్ధితక్కువ పని నాది."

"నా షెడ్డులో పెట్టుకోండి అన్నీ" అన్నాడు హనీఫా. "ఇంజనుకి నూనె పోసి మూత వేసి ఉంచుతా. సొర నూనె కాదులే."

ఇంజనును ట్రాక్టరు దాకా మోయాలి. ఇసకలో ట్రాక్టరు ఇంకా దగ్గరికి రాదు. రెండు చవుకు వాసాలకు కట్టి నలుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు పట్టారు. వలల లాగుడుకు అలవాటైన చేతులే గానీ బరువుకు కాళ్ళు ఇసకలో దిగిపోతున్నాయి. సగం దూరం పోయాక కామమ్మ భుజం మీది వాసం ఒక్కసారి తేలికైంది. తల ఎత్తి చూస్తే చిన్నబాబు భుజం పెట్టి ఉన్నాడు. పొద్దున్నుంచీ దూరంగా నిలబడి చూసి, ఇప్పుడు, కాపులంతా పోయాక వచ్చాడు.

"నువ్వు వదులు, నేను మోస్తా" అన్నాడు లోగొంతుతో.

"భుజం తియ్."

"కామమ్మా, బరువు..."

"నిన్న మాకు నోరు కావాల్సొచ్చింది. భుజం ఎవురడిగినారు? తియ్."

మిగతా ఆడవాళ్ళు ఆగి, బరువు మోస్తూనే చూస్తున్నారు. ఎవరూ అతన్ని వెనకేసుకు రాలేదు. చిన్నబాబు వంగి, పక్కకు జరిగాడు. బరువు మళ్ళీ కామమ్మ భుజం మీదికి దిగింది. ఆమె పళ్ళు బిగించి, "ఊఁ, నడవండే" అంది. ట్రాక్టరు ఇంకా ముప్పై అడుగుల దూరంలో ఉంది.